పడుకోబెట్టిన కొండ

తడి దుప్పటిని రెండు కొసలా పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే నీటి తుంపర మొహాన పడుతుంది. ఆ తుంపర ఆరేలోగా దుప్పటి అంచును వేడి రోలరుకు అందించాలి. ఆలస్యమైతే ముడత పడుతుంది, తొందరపడితే వేలు కాలుతుంది. ఆసుపత్రి లాండ్రీలో ఈ పని చేసే చిన్నమ్మాయికి యాభై దాటాయి. ఇంట్లో ఆఖరున పుట్టినందుకు వచ్చిన పిలుపు అది. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

రోలరుకు అవతలివైపు నిలబడి, ఎండి బయటికొచ్చే దుప్పట్లను మడిచే ఆమెను అందరూ మడతక్క అంటారు. మధ్యలో యంత్రం ఉండటంతో వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరికొకరు నడుం పైకే కనిపిస్తూ వచ్చారు. ఆ మోతలో గొంతు చించుకుంటే తప్ప మాట వినపడదు. అందుకని చెప్పితీరాల్సినవే చెప్పుకుంటారు.

"రేపట్నుంచి రాను. కొండెక్కుతున్నా," అని అరిచింది చిన్నమ్మాయి.

"పొద్దున్నే అవేం మాటలు తల్లీ! కొండెక్కేది దీపాలు. మనుషులు బస్సెక్కుతారు."

"సాయంత్రం బస్సే ఎక్కుతా. రేపు సైకిలెక్కి కొండెక్కుతా."

మడతక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఈలోగా రెండు దుప్పట్లు మడత పడకుండా బల్ల మీద కుప్పపడ్డాయి. వాటిని తీస్తూ, "మీ వదిన కూడానా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు చిన్నమ్మాయి గర్వంగా తలూపింది.

నిజానికి ఈ సైకిలు గొడవంతా వదినతోనే మొదలైంది. చిన్నమ్మాయి అన్నయ్య బస్సు డ్రైవరు, వదిన బడి ఆఫీసులో గుమాస్తా. కూర్చుని కూర్చుని వదినకు ఒళ్ళొచ్చింది, ఆ వెనకే సుగరొచ్చింది. సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. ఒక్కతే తొక్కాలంటే సిగ్గేసి మరదల్ని లాక్కొచ్చింది. ఆసుపత్రి వెనక, పాత మంచాలు పడేసే ఖాళీ జాగాలో ఇద్దరూ నేర్చుకున్నారు. వదిన కంచెలో పడింది, చిన్నమ్మాయి మాసిన దుప్పట్ల బండిలో పడింది. ఎవరు పడ్డా రెండోది ముందు కడుపారా నవ్వి, ఆ తర్వాతే చెయ్యందించేది.

ఒకరోజు వదిన బడి ఆఫీసు గోడ మీది పాత క్యాలెండరులోంచి ఒక బొమ్మ చింపి తెచ్చింది. అందులో పచ్చటి కొండ, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోయే సన్నటి రోడ్డు, పైన కాస్త మబ్బు ఉన్నాయి. "ఇక్కడికి పోదామే," అంది. ఎప్పటిలాగే "సరే" అంది చిన్నమ్మాయి. కానీ ఆ రాత్రి పడుకున్నాక, తను ఇష్టంగా అన్న సరే అదొక్కటేనేమో అనిపించింది.

చిన్నమ్మాయి ఊళ్ళు చూడలేదని ఎవరూ అనలేరు. అమ్మకు పక్షవాతం వస్తే అన్నయ్య ఇంటికి వచ్చింది. వదిన పురిటికి వదిన పుట్టింటికి వెళ్ళింది. మేనకోడలి పరీక్షలకి, చిన్నాన్న ఆపరేషనుకి, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆమెకే ఫోను వచ్చేది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఒక వంటిల్లు, ఒక ఆసుపత్రి వరండా చూసింది. అమ్మ పోయాక, ఇంకెక్కడికీ వెళ్ళాల్సిన పని లేక అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. దానికి ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు. అందరూ ఆమెను ప్రేమగానే చూశారు, ప్రేమగానే పిలిచారు.

ప్రయాణం ఖాయమయ్యాక భోజనాల బల్ల మీద మ్యాపు పరుచుకుంది. అన్నయ్య డిపో నుంచి తెచ్చిన పాత రోడ్ల మ్యాపు అది. నెల రోజులుగా ముగ్గురూ కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నారు. ఎక్కడ ఆగాలో, ఏం తినాలో, ఎక్కడ ఫొటో దిగాలో వదిన చూసుకుంది. దారి సంగతి చిన్నమ్మాయిది. దుప్పట్ల చిరుగులు కుట్టే ఎర్రదారం తెచ్చి, రోడ్డు ప్రతి మెలిక మీదా తడిపి అతికించి, తీసి టేపుతో కొలిచింది. రోజుకింత చొప్పున నాలుగు ముక్కలు చేసింది. పని బాగా కుదిరిందని ఆమె మురిసిపోతుంటే అన్నయ్య ఆ దారం ముక్కల్ని వేలితో కదిలించి చూశాడు.

"ఇది పడుకోబెట్టిన కొండే చిన్నమ్మాయీ. లేపి నిలబెడితే నీ దారం చాలదు," అన్నాడు. ఆ ఘాట్ రోడ్డు మీద చాలాకాలం బస్సు నడిపినవాడు.

వదినకు భయం పట్టుకుంది. సైకిళ్ళను బస్సు మీదేసుకుని పైదాకా పోయి, దిగేటప్పుడు తొక్కుదామంది. చిన్నమ్మాయి ఒప్పుకోలేదు. రోజుల్ని నాలుగు నుంచి ఏడు చేసింది తప్ప, కింది నుంచే తొక్కాలనే మాట మాత్రం మార్చలేదు. ఆమె ఒక విషయంలో మొండికెయ్యడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. "అమ్మో, దీనికి పంతం కూడానా!" అని వదిన బుగ్గలు నొక్కుకుంది.

బయల్దేరాల్సిన ఆ రోజే, మధ్యాహ్నం భోజనాల వేళ రోలరు ఆగాక వదిన ఫోను చేసింది.

"పురుడికి ఇంకా టైముందనుకుంటే, మన అమ్మాయిని రేపే ఆసుపత్రిలో చేర్చుకుంటారటే. ఉమ్మనీరు తగ్గిందన్నారట. భయం లేదట గానీ ఆగరట. పొద్దున రైలుకి నీకూ నాకూ టికెట్లు తీసేశాను. కొండ ఎక్కడికి పోతుందిలే, వచ్చే ఏడు చూద్దాం."

"సరే వదినా," అంది చిన్నమ్మాయి.

ఫోను పెట్టేశాక, తనేమందో అప్పుడు వినపడింది ఆమెకు. మడతక్క విషయం తెలుసుకుని, "అయితే సెలవు మార్పించుకుంటావా?" అంది. చిన్నమ్మాయి మేనకోడలికి ఫోను చేసింది.

"భయంగా ఉందామ్మా?"

"కొంచెం అత్తా. అమ్మ నా పక్కన ఉంటుందిగా, ఫరవాలేదు. నువ్వూ వస్తున్నావని అమ్మ చెప్పింది, హమ్మయ్య అనుకున్నా. ఇంటి దగ్గర ఈయనొక్కడే ఉండాలి. గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు."

ఆ పిల్లంటే చిన్నమ్మాయికి ప్రాణం. తన చేతుల్లో పెరిగిన పిల్ల, కావాలని నొప్పించే పిల్ల కాదు. అందుకే ఆ మాట అంత లోతుకు దిగింది.

"నీళ్ళు మరిగాక పది నిమిషాలు ఉంచాలి," అంది.

"ఏంటత్తా?"

"గుడ్డు. ఉడికాక చన్నీళ్ళలో వేస్తే పెంకు తేలిగ్గా ఊడుతుంది. ఆయనకి చెప్పు. నువ్వు ధైర్యంగా ఉండు తల్లీ, నేను కొండ మీంచి ఫోను చేస్తా."

ఆ మధ్యాహ్నం రోలరులో దుప్పట్లు వంకరగా వెళ్ళాయి. ఒకటి చుట్టుకుపోయి యంత్రం ఆపాల్సి వచ్చింది. మడతక్క రెండోవైపు నుంచి లాగి ఇచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి మంచం మీద రెండు సంచులు తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో వదిన చీరలు, రెండోదాంట్లో వదిన సర్దేసిన చిన్నమ్మాయి చీరలు ఉన్నాయి. చిన్నమ్మాయి తన చీరలు బయటికి తీసి, ఒక స్వెట్టరు, రెండు ప్యాంట్లు పెట్టుకుంది.

"సరే అన్నావు కదే!" అంది వదిన.

"అలవాటుగా అన్నాను వదినా."

"పురుడే అది! ఇలాంటప్పుడు సైకిలేమిటే?"

"కనేది అది. పక్కనుండేది నువ్వు. నేనొచ్చేది అల్లుడికి గుడ్లు ఉడకబెట్టడానికి."

వదినకు నవ్వొచ్చినట్టే వచ్చి, మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. మంచం అంచున కూలబడింది. "ఇద్దరం అనుకున్నాం. మ్యాపు మీద వేలు పెట్టి చూపించింది నేను. నన్నొదిలేసి నీకెలా వెళ్ళబుద్ధవుతోందే?" అంది.

కంచెలో పడ్డ రోజున లేవలేక ఏడుస్తూ నవ్విన వదిన చిన్నమ్మాయి కళ్ళ ముందు మెదిలింది. ఇప్పుడు సరే అనడం చాలా తేలిక. ఆ మాటంటే వదిన లేచి కళ్ళు తుడుచుకుంటుంది, రేపు రైల్లో ఇద్దరూ కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటారు, అంతా మామూలైపోతుంది. ఆమెకు వదిన అంటే జాలేసింది, తన మీద తనకే కోపం వచ్చింది.

"వెళ్ళబుద్ధి కావట్లేదు వదినా," అంది. "అయినా వెళ్తా."

వదిన గోడవైపు తిరిగి కూర్చుంది. మరదలు గుమ్మం దాటేటప్పుడు కూడా తిరిగి చూడలేదు. "ఆ స్వెట్టరు చాలదు, శాలువా కూడా పెట్టుకో," అని మాత్రం గోడతో చెప్పింది.

బస్టాండులో అన్నయ్య చెప్పులు విప్పి నిచ్చెనెక్కి సైకిలును బస్సు పైన పడుకోబెట్టాడు. పాత ట్యూబు ముక్కలతో నాలుగువైపులా బిగించి, ఊపి చూసి, మళ్ళీ బిగించాడు. చెల్లెలు చేస్తున్నది తప్పో ఒప్పో అతనికి తేలలేదు. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"తొక్కలేకపోతే దిగి నడిపించుకుపో. నామోషీ ఏం లేదు. అక్కడ మా బస్సులకే ఆయాసం."

"అలాగే అన్నయ్యా."

"దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టు."

బస్సు కదిలింది. చిన్నమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యూపలేదు. కండక్టరుకు టికెట్టు చూపించే పనిలో ఉంది. వదిన కోసం తీసిన పక్క సీటుకు కూడా డబ్బు కట్టాం కదా అని దాని మీద సంచి పెట్టుకుంది. అన్నయ్య బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, చెప్పులెక్కడ విడిచాడో కాసేపు వెతుక్కుని ఇంటిదారి పట్టాడు.

అతను వచ్చేసరికి ఇంట్లో వదిన సర్దడం ముగించి వంటింట్లోకి వచ్చింది. లైటు వేసింది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక, తాగాక, ఆఖరున గిన్నెలూ గ్లాసులూ అన్నీ కడిగి బోర్లించేది ఎప్పుడూ చిన్నమ్మాయే. అమ్మ పోయిన రోజు కూడా జనం వెళ్ళాక అవన్నీ కడిగిందామె. వదిన సింకు దగ్గర ఆగిపోయింది. వచ్చి వెనక నిలబడ్డ మొగుడితో, "నిజంగానే వెళ్ళిందండీ," అంది.

సింకులో, అడుగున గుక్కెడు టీ మిగిలిన చిన్నమ్మాయి గ్లాసు కడక్కుండా ఉంది.