ఆయన ఎక్కించిన దారం

మూడో అంతస్తులో, ఐసీయూ వైపు తెరుచుకునే గాజు తలుపు ముందు, విమలమ్మ తన సంచిని బల్ల మీద పెట్టింది. నీలం చొక్కా వేసుకున్న సెక్యూరిటీ అమ్మాయి ఒక్కొక్క వస్తువే తీసి చూసింది. నీళ్ల సీసా, దువ్వెన, తువ్వాలు, మడతపెట్టిన ముదురు ఆకుపచ్చ చీర. చీర మడతలోంచి చిన్న గుడ్డముక్క జారిపడింది. దానికి వరసగా సూదులు గుచ్చి ఉన్నాయి. ఒక్కో సూదికి ఒక్కో రంగు దారం.

"ఇవేంది పెద్దమ్మా? సూదులు, కత్తెర్లు పైకి తేవద్దు. ఎవలో కొట్లాటల కత్తెర ఇసిరిన్రట, గప్పటి సంది బంద్ వెట్టిన్రు. ఇటియ్యి," అంటూ ఆ అమ్మాయి అరచెయ్యి చాపింది.

విమలమ్మ ఆ చేతికి ఇవ్వలేదు. గుడ్డముక్కను బల్ల మీద పెట్టి, వేలి కొసతో ముందుకు జరిపింది.

అమ్మాయి నవ్వింది. "మా అమ్మ గూడ గిట్లనే. సూది చేతికిస్తే కొట్లాట అయితదంటది."

"అయితది గదా బిడ్డా."

"నాతోని నీకేం కొట్లాట?"

"ఎవలకెరుక? నువ్వే గదా ఆపుతానవ్."

ఆ అమ్మాయి పేరు సుకన్య అని చొక్కా మీది పట్టీ చెప్పింది. ఊరు నర్సంపేట పక్కన అని ఆమే చెప్పింది. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. హాల్లో కూర్చున్నంత సేపు విమలమ్మ కుట్టుకోవచ్చు. లోపలికి మనిషిని చూడబోయేటప్పుడు మాత్రం సూదుల గుడ్డను సుకన్య బల్ల మీద వదిలి వెళ్లాలి.

విమలమ్మది వరంగల్ కొత్తవాడ. భర్త గుండయ్య నేల మీద పరిచే జంఖానాలు నేస్తాడు. ఆమె చీరలకు ఫాల్ కుడుతుంది. చత్వారం వచ్చాక కుట్టు పడే చోటు వేలికి తెలిసేది గాని, సూది బెజ్జం కంటికి ఆనేది కాదు. అప్పటినుంచి దారం ఎక్కించే పని గుండయ్యది. పొద్దున్నే, మగ్గం గుంటలోకి దిగే ముందు, ఆ రోజు కుట్టవలసిన చీరలను కిటికీ వెలుగులో పరిచి చూసేవాడు. ఏ చీరకు ఏ దారం అన్నది ఆమెను అడిగేవాడు కాదు. రంగుల విషయంలో ఆయనకు ఎవరి మాటా అక్కర్లేదు. సూదులన్నీ సిద్ధం చేసి, గుడ్డకు గుచ్చి, ఆమె కూర్చునే పీట మీద పెట్టి వెళ్లేవాడు. దాని గురించి వారిద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసిన విషయంగా అది ఎన్నడూ కనిపించలేదు.

పడిపోయిన రోజు కూడా సూదులు పెట్టి వెళ్లాడు. ఆకుపచ్చ చీర ఆమె చేతుల్లో ఉండగానే లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే ఆయన మగ్గం ముందు కూర్చునే పలక మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. నోరు ఒక వైపుకు లాగేసింది. ఆటోలో హనుమకొండలోని ఈ ఆసుపత్రికి తెచ్చారు. ఎవరు సర్దారో గాని, చేతిలోని చీరా, సూదులూ సంచిలో పడి ఆమెతో పాటే వచ్చాయి.

మనిషి కళ్లు తెరవలేదు. ఇంకా ఏమీ చెప్పలేమని డాక్టర్లు ప్రతి రోజూ చెబుతున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాసేపు లోపలికి పంపుతారు. మిగిలిన కాలమంతా హాల్లోని ఇనుప కుర్చీలదే.

ఎదురుచూడటం ఒక పని అయితే దానికి చేతులు ఉండాలి. చేతులు లేని పని అది. అందుకే ఆ హాల్లో అందరి చేతులూ ఏదో ఒకటి వెతుక్కుంటున్నాయి. ఒకరు ఫోన్ తడుముతారు. ఒకరు వేళ్లు విరుచుకుంటారు. పక్క కుర్చీలోని గట్టయ్య అనే రైతు రుమాలును మడుస్తాడు, విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. ఆయన భార్య చిలుకమ్మ కూడా లోపలే ఉంది.

విమలమ్మ చేతుల్లో చీర ఉంది. కాని అది ముందుకు సాగడం లేదు. ఆకుపచ్చ దారం జానెడే మిగిలింది. ఒక కుట్టు వేస్తుంది. కాసేపు చూస్తుంది. మెల్లగా వెనక్కి లాగేస్తుంది. మిగిలిన సూదుల్లోని మెరూన్, పసుపు, నీలం దారాలకు ఇక్కడ పని లేదు. వాటి చీరలు ఇంట్లోనే ఉండిపోయాయి. అయినా వాటిని రోజూ తెస్తుంది.

"చెల్లె, పొద్దటి సంది గదే కుట్టు కుడుతానవ్," అన్నాడు గట్టయ్య. "నా పత్తి ఏరుడు అయిపోయి, మల్ల ఇత్తనం పెట్టె యాళ్లకన్న అయితదా ఆ చీర?"

"నీ రుమాల్ మడుసుడు అయినంక అయితది తియ్యన్నా."

గట్టయ్య రుమాలు వంక చూసుకుని, నవ్వి, భుజం మీద వేసుకున్నాడు. కొంచెం సేపటికి అది మళ్లీ చేతుల్లోకి వచ్చింది.

మడికొండలో ఉద్యోగం చేసే కూతురు సంధ్యారాణి సాయంత్రాలు టిఫిన్ డబ్బా తెస్తుంది. "దారం అయిపోయిందా? కొత్త ఉండ తేవాల్నా?" అని ఒకసారి అడిగింది. వద్దంది విమలమ్మ. ఎందుకు వద్దో చెప్పలేకపోయింది. ఈ సూదుల్లో ఉన్నది ఆయన చేతి ఆఖరి పని. దారం అయిపోతే సూది ఖాళీ అవుతుంది. మళ్లీ నిండాలంటే లోపల ఉన్న మనిషి లేవాలి. లేచేదాకా ఇవి ఇలాగే ఉండాలి. ఇలాగే ఉంటే లేస్తాడు. ఈ రెండు మాటలూ ఒకటి కావని ఆమెకు తెలుసు. తెలిసినా వాటిని విడదీయడానికి మనసు ఒప్పలేదు.

ఆ సాయంత్రం పిలుపు కొంచెం ఆలస్యంగా వచ్చింది. అప్పటికి కిటికీల అవతల వెలుగు తగ్గింది. హాల్లో ట్యూబులైట్లు వేశారు. విమలమ్మ సూదుల గుడ్డను, చీరను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది.

గుండయ్య అలాగే ఉన్నాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన పచ్చని గీతలు నడిచే తెర. కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది. నర్సు వంగి, "తాతా, చెయ్యి లేపు. ఏదీ, లేపు," అంది. చెయ్యి లేవలేదు. విమలమ్మ దగ్గరగా జరిగింది.

"ఇనవడ్తాందా? నేనే," అంది. ఇన్నేళ్లలో ఆయనకు తాను ఏమేం చెప్పిందో వెతుక్కుంది. కూర ఏం వండాలి, నూలు వచ్చిందా, కరెంటు పోయింది. పిలవడానికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. వారి మధ్య ఉన్నదంతా పనుల్లోనే ఉండిపోయింది. మాటల్లోకి రాలేదు. "బయట మొగులైంది, వానచ్చెటట్టుంది," అని మాత్రం చెప్పింది. ఇంతలో సమయం అయిపోయిందన్నారు.

బయటికి వచ్చేసరికి బల్ల మీద చీర చక్కగా మడిచి ఉంది. దాని మీద గుడ్డముక్క, గుడ్డముక్కకు సూదులు. సూదులకు దారాలు లేవు. పక్కన అట్టముక్కకు మెరూన్, పసుపు, నీలం, ఆ చివర జానెడు ఆకుపచ్చ, ఎంతో శ్రద్ధగా చుట్టి ఉన్నాయి.

విమలమ్మ నిలబడిపోయింది.

"నేనే తీసిన పెద్దమ్మా," అంది సుకన్య సంతోషంగా. "దీపాలు పెట్టె యాళ్లకు, దారం ఎక్కిచ్చిన సూది జబ్బు మనిషి దాపుల ఉండద్దంటది మా అమ్మమ్మ. పాణం గా దారంల చిక్కుకుంటదట. ఇటు రాదట, అటు పోదట. నాకు యాదికచ్చింది, ఫటాఫట్ తీసేసిన."

"నిన్నెవలు తియ్యమన్నరు?"

గొంతు పెద్దదేమీ కాదు. అయినా హాలంతా తిరిగి చూసింది.

సుకన్య ముఖం మాడిపోయింది. "పెద్దబాపుకు మంచిగ కావాల్నని..."

"అవి ఆయన ఎక్కిచ్చినయే. పడిపోయిన నాడు, పొద్దుగాల."

సుకన్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గట్టయ్య లేచి వచ్చి, "పిల్ల మంచికే చేసింది చెల్లె, జర ఊకో," అన్నాడు.

"మంచికే చేసింది. కాదంటానా?"

"నేను మల్ల ఎక్కిస్త పెద్దమ్మా, నా కండ్లు మంచిగున్నయి," అంటూ సుకన్య సూదిని అందుకోబోయింది.

"వద్దు బిడ్డా. ఎక్కిస్తే అది నీది అయితది."

మందలించాలని అన్న మాట కాదది. సుకన్యకు కూడా అర్థమైనట్టుంది. కళ్లు తుడుచుకుని వెనక్కి జరిగింది.

విమలమ్మ అన్నీ తీసుకుని తన కుర్చీకి వెళ్లింది. మగ్గం ఉన్న ఇంట్లో దీపాలవేళకు దారం కనబడకూడదంటే ఇంటినే దాచిపెట్టాలి. అలాంటి ఆచారం తమకు లేదు. కాని ఆ పిల్ల మాట చెవిలోంచి పోలేదు. ఇటు రాదు, అటు పోదు. చిక్కుకున్నది ఎవరు? కుట్టు వేసి, లాగి, మళ్లీ వేసి ఇన్ని రోజులుగా ఎటూ పోకుండా కూర్చున్నది తాను. ఆయన సూదులు సిద్ధం చేసింది కుట్టడానికి. దాచుకోవడానికి కాదు. దాచుకున్న ప్రతి దారమూ ఆయన మొదలుపెట్టిన పనిని సగంలో ఆపింది.

అట్టముక్క మీద ముందు చేతికి తగిలిన నీలం దారం కొస పట్టుకుంది. దారం మామూలుగా ఉంది. ఆయన ముట్టుకున్న గుర్తు ఎక్కడా లేదు. ఏమి చూడగలనని ఇన్నాళ్లు దాచింది?

సూదిని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టింది. బెజ్జం ఉండవలసిన చోట ఒక మసక మెరుపు. దారం కొస విచ్చుకుపోయి, పీచులుగా విడిపోయి ఉంది. కొసను నోట్లో పెట్టుకుని పెదవులతో అదిమింది.

చేదుగా ఉంది. వెంటనే చేదు పోయి కొంచెం ఉప్పు, దాని వెనక ఏదో గంజి వంటి చప్పదనం. నీలం రంగు రుచి ఇది కాబోలు. ఎన్నో ఏళ్లుగా ఆయన ప్రతి పొద్దునా, చాయ్ కంటే ముందు, నోట పెట్టుకున్నది ఈ రుచినే. ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అడగలేదు. పసుపుది వేరే ఉంటుందా? మెరూన్‌ది? కళ్లు తెరిస్తే అడగవలసిన మాట ఒకటి ఆమెకు మొదటిసారి దొరికింది.

కొసను బెజ్జం వైపు నడిపింది. పక్కకు పోయింది. మళ్లీ నోట్లో పెట్టుకుంది. మళ్లీ తప్పింది.

"అయితలేదా చెల్లె?" అని గట్టయ్య మెల్లగా అడిగాడు.

"అయితది తియ్యన్నా," అంది విమలమ్మ, పెదవుల మధ్య దారంతోనే.