గాలి ఆపి కొలిచిన రేకు

చిల్లుల రేకు, దాని వెనక దట్టంగా కూరిన దూది. సరుకంతా ఇంతే. పెద్ద ఫ్యాన్ల గాలిగొట్టం లోపల అతికిస్తే రొదను మింగాలి. ఎంత మింగుతుందో కొలిచి సంతకం పెట్టడం తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో కోమలి ఉద్యోగం. పోయిన నెల ఆమె సంతకంతోనే బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి రేకులు వెళ్లాయి. అక్కడ ఫిట్టరు ఆమె నాయన మునిశేఖర్. నా కూతురు పాస్ చేసిన రేకులని కనబడినవాడికల్లా చెప్పుకున్నాడు పిచ్చి మారాజు.

ఇవాళ ఉదయం తీరిక దొరికి, ఆ రేకుల్లో మిగిలిన ముక్కను కోమలి తానే ల్యాబు గొట్టంలో బిగించింది. గాలి వేగం పెంచుతూ పోయింది. ఒకచోట రేకు సన్నగా ఈల వేసింది. శబ్దం కొలిచే మైకుల అంకెలు చూసింది. లోపలికి పంపిన శబ్దం కంటే బయటికి వచ్చేదే ఎక్కువ!

"ఏబెలన్నా, పోయిన్నెల నువ్వు కొలిచినప్పుడు ఈ ఈల రాలేదా?"

టెక్నీషియన్ ఏబెల్ తాపీగా టీ తాగుతున్నాడు. "యాడొస్తాదిమ్మా? గాలుంటే మైకులు పిచ్చి లెక్కలు సూపిస్తాయి. నేనెప్పుడూ ఫ్యాన్ ఆపేసి కొలస్తా. పదేండ్లుగా ఇంతే గదా!"

గట్టు మీద ఈత కొట్టినట్టుంది ఈ కొలత. అతన్ని తిట్టబోయి ఆగింది. 'గాలి వీస్తుండగా కొలిచాము' అన్న కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టింది తనే. సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

పదకొండు దాటింది. ఫ్యాక్టరీలో ఫ్యాన్‌ను మొదటిసారి పూర్తి వేగంతో తిప్పేది ఇవాళ పదకొండుకే. రేకు ఈల అందుకుంటే తలమీది గొట్టమంతా అదురుతుంది, బోల్టులు ఊడిపోతాయి. నాయనకు ఫోన్ చేసింది.

"నాయనా! ఫ్యాన్ ఆపమను! ఆ గొట్టం కింద ఉండొద్దు, బయటికి రా!"

"ఏందమ్మా? ఏమీ వినపడలేదు. ఈడ ఒకటే ఈల!"

"రేకు తప్పు కొలిచినాను నాయనా! పరిగెత్తు!"

"గొట్టం ఊగతా ఉండాదని అందరూ బయటికి పోయినారు. నేను పోలేదులే. మా కోమలి కొలిచిన రేకు, ఏం గాదు రండప్పా అని పిలస్తా, దాని కిందనే నిలబడుకోనుండా..."

ఈల ఇంకా పెరిగింది. ఆయన గొంతు వినబడడం ఆగిపోయింది. కోమలి ఫోన్లోకి అరుస్తూనే ఉంది.