ఖాళీ బ్యాటరీ పెట్టె

మా ఆయన క్లైవ్ చలికాలమంతా కారు వెనక లాక్కెళ్ళే మా చక్రాల ఇల్లు కారవాన్‌లోంచి బ్యాటరీని విప్పి తెచ్చి గ్యారేజీలో పెట్టుకున్నాడు. నెలకోసారి చార్జింగ్ పెట్టి, మీటరు చూసి, "పన్నెండు పాయింట్ ఏడు వోల్టులు, ఫుల్!" అని భోజనాల దగ్గర మురిసిపోతూ చెప్పేవాడు. నా మోకాలి నొప్పి ఎలా ఉందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఈస్టర్‌కి వేల్స్‌లో సముద్రం పక్కనున్న ఓ పొలంలో కారవాన్ ఆపాం. అక్కడ కరెంటు లేదు. దీపాలు, నీళ్ళ పంపు అన్నీ బ్యాటరీ మీదే నడవాలి. టీ పెడదామని కుళాయి తిప్పితే చుక్క రాలేదు. క్లైవ్ వెళ్ళి బ్యాటరీ పెట్టె మూత తీశాడు. లోపల రెండు వైర్లు తప్ప ఏమీ లేదు.

"బ్యాటరీ ఏదీ?" అన్నాను.

"గ్యారేజీలో ఉంది. ఫుల్ చార్జింగ్‌తో."

నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడ్డాను. ఆ నవ్వు విని పక్క కారవాన్‌లో దిగిన ఓల్వెన్ వచ్చింది. నిరుడు ఇక్కడే ఈవిడ తన కారవాన్‌కి కారు బ్యాటరీ వాడుతుంటే, "అది ఇంజను స్టార్ట్ చెయ్యడానికమ్మా, రోజూ ఖాళీ అయిపోతుంటే తట్టుకోదు. కారవాన్‌కి వేరే రకం ఉంటుంది" అని క్లైవ్ గంటసేపు క్లాసు పీకాడు.

"మేం ఇవాళ ఇంటికెళ్ళిపోతున్నాం. మాది వాడుకోండి, ఆదివారం వచ్చి తీసుకెళ్తా" అని, సంగతి తెలుసుకున్న ఓల్వెన్ తోపుడుబండిలో తన బ్యాటరీ తెచ్చింది.

క్లైవ్ మీటరు పెట్టాడు. "పన్నెండు పాయింట్ ఏడు" అని గొణిగాడు.

"అంతా మీరు చెప్పినట్టే చేశా క్లైవ్ గారూ. కొత్తది కొన్నా, నెలనెలా చార్జింగ్ పెట్టా. బయల్దేరేముందు కారవాన్‌లో పెట్టుకోవడం ఒక్కటే నా సొంత తెలివి."