పైకి అనని ప్రార్థన

“బ్రేకు పడకపోతే ఏం చేస్తావే? లోపల పేషెంటు, ఎదురుగా లారీ. అప్పుడేం చేస్తావు?”

అంబులెన్సు బండి ఇంకా కూతురి చేతికి రానేలేదు. దాన్ని నడిపే లైసెన్సు పరీక్షే గురువారం. అయినా తల్లి మనసులో ఆ లారీ అప్పటికే మలుపు తిరిగింది. ఆమె పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో తోటివాళ్లు ఆమెకు సైరన్ అని పేరు పెట్టింది ఇందుకే, ఏమీ జరగకముందే మోగుతుందని.

“నువ్వుండగా నా అంబులెన్సుకి వేరే సైరన్ ఎందుకమ్మా,” అని కూతురు కంచంలో చెయ్యి కడుక్కుని లేచింది.

ఆ పిల్ల ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ బయలుదేరే ముందు తల్లి దగ్గర తల వంచింది. తల్లి నెత్తిన చెయ్యి పెట్టి, గెలిపించమని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. కూతురు ఆమెన్ అంది. ఆ ప్రార్థన కింద ఇంకో ప్రార్థన ఉందని తల్లికీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం పాస్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి, సంఘం పత్రికకు ఇచ్చిన కవితను తిరిగి చేతిలో పెట్టింది. ఏడో తరగతి చదువుతో, పాటల పుస్తకం పక్కన పెట్టుకుని, కిందా మీదా పడి రాసుకున్న పదహారు పాదాలు. ప్రశస్త రక్తము, ఘోర పాపి, కల్వరి గిరి, ఏదీ వదల్లేదు.

“అన్నీ మంచి మాటలేనమ్మా. కానీ ఇందులో నువ్వెక్కడా కనపడలేదు. ఈ వారం దేవుడితో నిజంగా ఏం మాట్లాడావో అది రాసి తీసుకురా.”

ఆమె ముఖం చిన్నబోయింది. కవిత బాగాలేదన్నందుకు కాదు. ఈ వారం ఏం మాట్లాడిందో గుర్తొచ్చి.

సోమవారం అంబులెన్సులోంచి వచ్చిన దుప్పట్లను తొట్టిలో వేస్తోంది. రక్తం మరకకు ముందు చన్నీళ్లే పట్టాలి. వేడినీళ్లు పోశారా, మరక గుడ్డలోకి ఇంకి ఇక వదలదు. ఇరవై ఏళ్లుగా ఆమెకు ఆ సంగతి తెలుసు. ఇరవై ఏళ్లుగా రక్తం మీద కవితలూ రాస్తోంది. ఒక్కసారైనా ఈ తొట్టి వాటిలోకి రాలేదు. ఇన్నాళ్లూ చేతులు వెనక్కి దాచుకుని దేవుడి ముందు నిలబడినట్టు అనిపించింది. మధ్యాహ్నం అన్నం మానేసి, ఒక చీటీ వెనక రాసింది.

చన్నీళ్లలో నానబెట్టాను ప్రభువా,
ఎవరి బిడ్డ రక్తమో.
నా బిడ్డది కాకూడదని
దాని తల మీద చెయ్యి పెట్టి
పైకి గెలిపించమన్నాను,
లోపల ఓడించమన్నాను.
రెండుసార్లూ విన్నావు నువ్వు.
ఈ చెయ్యి ఎక్కడ దాచుకోను?

రాసింది చదువుకోవడానికి ధైర్యం చాలలేదు.

పత్రికకు వెళ్లేవన్నీ కూతురే టైపు చేసి పంపుతుంది. తల్లి రాత కోడి గీకినట్టుంటుందని అలా అలవాటైంది. ఈ ఒక్కసారికి చీటీ నేరుగా పాస్టరమ్మకే ఇచ్చేస్తే? పాస్టరమ్మ మెచ్చుకుంటుంది. కూతురేమో ఊరందరితో పాటు పత్రికలో చదువుకుంటుంది. అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉండదనిపించింది. రెండు రోజులు సంచిలో మోసి, బుధవారం సాయంత్రం ఆ చీటీని కీబోర్డు మీద పెట్టి వంటింట్లోకి తప్పుకుంది.

టకటకమని చప్పుడు మొదలైంది. మధ్యలో ఆగింది. చాలాసేపటికి మళ్లీ నాలుగు దెబ్బలు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. కూతురు బట్టలు సర్దుకుని వెళ్లిపోవడం, ఇక ఎప్పటికీ అమ్మా అని పిలవకపోవడం, అన్నీ తల్లి కళ్ల ముందు జరిగిపోయాయి. మడతపెట్టిన తువ్వాళ్లను విప్పి మళ్లీ మడతపెట్టింది. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. చివరికి గుమ్మం దాకా వచ్చి, “చించెయ్యవే, వేరేది రాసిస్తాను,” అంది.

కూతురు తల తిప్పలేదు. తెర మీద పాదాలన్నీ ఎక్కి ఉన్నాయి. ఒక్క మాట మార్చలేదు.

కిటికీలో వెలుతురు తగ్గింది. లేచి లైటు వేయడానికి ఇద్దరిలో ఎవరికీ చేతులు రాలేదు.

“మొదటిసారి బండి వెనక్కి తీసేటప్పుడు అద్దం చూడలేదు,” అంది కూతురు, తెర వైపే చూస్తూ. “అది నా తప్పే. రెండోసారి సంగతి నాకు తెలీదు. రేపు కూడా చెయ్యి పెట్టు. లోపల ఏముంటే అదే పైకి అను. నేను ఆమెన్ అనను, అంతే.”