చర్చి ముక్కలు

సౌదీలో, అల్ ఖోబర్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఫహద్. అతని తండ్రికి పక్షవాతం. ఆయన్ని చూసుకోవడానికే నన్ను నరసాపురం నుంచి రప్పించారు. నేను ఆయన్ని బాబా అనేదాన్ని. చదువుకునే రోజుల్లో ఆయన ఇంగ్లండులో ఒక పల్లెటూళ్లో ఉన్నాడట. ఆ ఊరి బొమ్మ అట్టముక్కల పజిల్‌గా డబ్బాలో ఉండేది. రోజూ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ముక్కలు కలిపేవాళ్లం. రాతి ఇళ్లు, సమాధులు, మధ్యలో ఎనిమిది వందల ఏళ్లనాటి చర్చి. చర్చి దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి తీసేసేవాడు.

"నీ దేవుడి ఇల్లు, నువ్వే కట్టు మణీ."

శుక్రవారం నేను ఆఖరి ముక్క పెడుతుండగా ఫహద్ లోపలికొచ్చాడు. చర్చి మీద శిలువ చూశాడు.

"నా ఇంట్లో ఇది ఎవరు పెట్టారు?"

బాబా వేలు నావైపు చూపించాడు.

ఫహద్ బల్లను తన్నాడు. నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. కిందపడ్డాక బెల్టు తీసి వీపు చీరేశాడు. పెదవి పగిలింది. ఒక పన్ను ఊడి ముక్కల మధ్య పడింది. అంతసేపూ బాబా కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కొడుకు బయటికెళ్లగానే ఆయన డబ్బా తట్టాడు. మళ్లీ కలిపాను. ఇళ్లు, చెట్లు, సమాధులు అన్నీ వచ్చాయి. చర్చి ముక్కల్ని మాత్రం పొద్దున్నే గ్యాస్ పొయ్యి మీద కాల్చేశాను.

"చర్చి ఏది మణీ?"

జేబులోంచి పన్ను తీసి ఆ ఖాళీలో పెట్టాను.

"నా వంతు ఇదే బాబా. మిగతాది ఆ వేలితో మీరే కట్టుకోండి."