ట్రాన్స్‌డ్యూస్ దగ్గర పాము

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఓ డీటీపీ షాపుంది. అందులో టైపు చేసే భాగ్యకు, అహల్య టీచర్ పుస్తకమంటే ప్రాణం. చైనాకు డాక్టరు చదువుకు వెళ్ళే పిల్లల కోసం టీచర్ ఆరేళ్ళుగా కూర్చిన సైన్సు పదకోశం అది. ఇంగ్లీషు మాట, తెలుగు అర్థం, పక్కన చైనా లిపి. చైనా మాటలు అక్కడ చదివొచ్చిన పాత శిష్యుడు విజయేందర్ రాసిచ్చాడు. భాగ్యకూ టీచర్‌కూ ఆ లిపి ఒక్క ముక్క రాదు. మరి ప్రూఫు చూడాలిగా! అందుకని అక్షరాలకు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. భాగ్య టైపు చేసింది చూసి 'పాము' అంటుంది, టీచర్ రాతప్రతి చూసి 'ఔ' అంటుంది. ఇంత సొగసైన పద్ధతి ఏ యూనివర్సిటీలోనూ ఉండదు.

చివరి ప్రూఫు మీద టీచర్ సంతకం చేసింది, ఫైలు ప్రెస్సుకు పోయింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ రాతప్రతి పక్కన పెట్టుకుని ఊరికే ప్రూఫు పేజీలు తిప్పుతుంటే, 'ట్రాన్స్‌డ్యూస్' దగ్గర భాగ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. జీవశాస్త్రంలో ఆ మాటకు, వైరస్ ఒక బ్యాక్టీరియా జన్యువును మోసుకెళ్ళి మరోదానికి చేర్చడమని అర్థం. విజయేందర్ రాసింది 转导, రెండో అక్షరం తలమీద చుట్టచుట్టుకున్న పాము. భౌతికశాస్త్రంలోనైతే ఒక రూపంలోని శక్తిని మరో రూపంలోకి మార్చడం. దానికి 换能, చివర జంట కొంగలు. టైపులో పాము భౌతికశాస్త్రంలో దూరింది, కొంగలు జీవశాస్త్రంలో వాలాయి.

చెప్తే ఓనరు వెంకటేశ్ ఊరుకోడు. ఇంకో తప్పు దొరికితే పనిలోంచి తీసేస్తానని పోయిన నెలే అన్నాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ పుస్తకాన్ని నమ్మి చదివే పిల్లలు గుర్తొచ్చారు. డబ్బా మూసి, హిమాయత్‌నగర్‌లో టీచరింటికి ఆటో ఎక్కింది.

వెళ్ళగానే టీచర్‌కు విషయం చెప్పేసింది. తప్పు తనదేనని, టైపు చేసేటప్పుడే మారిపోయిందని భాగ్య చెప్పుకుపోతోంది.

"నీది తప్పు భాగ్యా, నాది అబద్ధం," అంది టీచర్. "నలభయ్యో పేజీ నుంచి నాకు అక్షరం కనిపిస్తలేదు. చెప్తే అచ్చేయించేటోళ్ళు పుస్తకం ఇంకొకరికి ఇస్తరని భయపడ్డ. నువ్వేది చదివితే దానికి ఔ అన్న."

భాగ్యకు ఏడుపొచ్చింది. తన ఉద్యోగం మాటే మర్చిపోయింది. టీచర్ ఆమె చేత వెంకటేశ్‌కు ఫోను కలిపించుకుని, అచ్చు ఆపమంది. చూడలేకుండానే సంతకం పెట్టానని ఏదీ దాచకుండా చెప్పింది. మరి ఇప్పుడు ప్రూఫు ఎవరు చూస్తారని అవతల అతను విసుక్కున్నాడు.

"భాగ్య చూస్తది," అంది టీచర్. "ఇగ సంతకం గూడ ఆమెనే పెడ్తది."