పాటకు ముందు ఊపిరి

సెలీనా చనిపోయిన ఏడాదికి గాని రాబిన్ ఆమె సీడీ అట్టను తిరగేసి చూడలేదు. నర్సింగ్ చదివే రోజుల్లో భార్య చర్చి క్వయర్‌తో కలిసి పాడిన పాటలవి. ఒక పాటలో ఒక చరణం ఆమె ఒక్కతే పాడింది. నల్లగండ్ల ఫ్లాట్‌లో అతనితోనే ఉంటున్న అత్తగారు సువార్తమ్మ, రోజూ పొద్దున్నే పాత ప్లేయర్‌లో ఆ పాట పెట్టుకునేది. అట్ట మూలన హెచ్‌డీసీడీ అన్న గుర్తు ఉంది.

రాయదుర్గంలో హెడ్‌ఫోన్లు పరీక్షించే ఉద్యోగం అతనిది. ఆ గుర్తు ఏమిటో అతనికి తెలుసు. అలాంటి డిస్కులో పెద్ద శబ్దాలను కొంత అణిచి, చిన్న శబ్దాలను కొంత పైకి లేపి ఉంచుతారు. దాన్ని విప్పి, మళ్లీ అసలు స్థాయికి తెచ్చి వినిపించడం మామూలు ప్లేయర్‌కు రాదు. అంటే ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరూ సెలీనా గొంతును ఉన్నదున్నట్టు వినలేదు!

ఆఫీసులో డిస్కును కంప్యూటర్‌లోకి ఎక్కించి, విప్పిన పాట ఒకటి, విప్పనిది ఒకటి పక్కపక్కన పెట్టుకున్నాడు.

"రెంటినీ ఒక్క తీరు సౌండుకు తెచ్చి ఇను భయ్," అన్నాడు పక్క సీటు తిరుపతి. "లేకుంటే గట్టిగున్నదే మంచిగనిపిస్తది."

అలాగే చేశాడు. విప్పనిదాంట్లో సెలీనా గొంతు క్వయర్‌తో సమానంగా సాగిపోయింది. విప్పినదాంట్లో చరణం చివర అందరినీ దాటి లేచింది. వంటగదిలో పని చేసుకుంటూ ఆమె పాడితే అచ్చం అలాగే ఉండేది. రాబిన్ హెడ్‌ఫోన్లు తీసేసి, ముఖం కడుక్కోవడానికి లేచి వెళ్లాడు.

ఆదివారం ఆ విప్పిన పాటను అత్తగారికి వినిపించాడు. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదు. స్పీకర్ దగ్గరకు జరిగి కూర్చుంది. పాట అయిపోయింది.

"పాట ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటుంది కదా బాబూ, అదేది?"

"ఉందండీ అత్తయ్యా. చాలా మెల్లగా ఉంది."

సౌండు పెంచాడు. ఆ ఊపిరి ఆమె చెవికి అందేలోపే పాట గట్టిగా మీదపడింది. ఆమె చెవులు మూసుకుంది.

"పాత సీడీలో చక్కగా వినపడేదే!"

పాత ప్లేయర్‌లో చిన్న శబ్దాలు పెంచినట్టే వినపడతాయని అతను చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సిందని, సగంలో ఉండగానే తెలిసింది.

"అంటే నా బిడ్డ అంత ఊపిరి తీసుకోలేదా? మిషనే పెంచిందా?"

"ఊపిరి తనదేనండీ. కొంచెం పెద్దదిగా వినపడుతుంది, అంతే."

చివరి నెలల్లో సెలీనా ఊపిరి అందక దిండ్లకు చేరబడి కూర్చుంటే, రాత్రంతా పక్కన మేలుకొని ఉన్నది ఈవిడే. రాబిన్ గబగబా పాత ప్లేయర్‌లో డిస్కు పెట్టాడు. ఊపిరి స్పష్టంగా వినిపించింది. సువార్తమ్మ ఆ ఒక్కటీ విని, పాట మొదలవుతుండగానే ఆపేసింది.

ఆ తర్వాత పొద్దుటిపూట ఇంట్లో ఆ పాట లేదు. రెండు మూడుసార్లు అతనే, "పెట్టమంటారా అత్తయ్యా?" అని అడిగాడు.

"వద్దులే బాబూ," అంది ఆమె చివరిసారి, డిస్కును అతని చేతికిస్తూ. "నీ దగ్గరే ఉంచుకో. నీకు పాటన్నా దక్కింది."

అతను తీసుకున్నాడు.